కంప్యూటరుకు తాళం పడితే నష్టం ఎవరిది?

విద్యార్థి సంఘం కార్యదర్శి మా గదికి వచ్చి, "సావనీరుకు ఏదైనా రాయవోయ్, సైన్సు వాళ్ళెవరూ రాయటం లేదు" అన్నప్పుడు, బీమా గురించి రాస్తానన్నాను. గదిలో వున్న నలుగురూ ఒక్కసారిగా నవ్వారు. "ఏజెంటు ఉద్యోగం గానీ చూసుకున్నావా?" అన్నాడొకడు. వాళ్ళ నవ్వులో తప్పు లేదు. సైబర్ బీమా అనే మాట మొదటిసారి విన్నప్పుడు నేనూ నవ్వినవాణ్ణే. మా ఇంట్లో బీమా అంటే తెలిసినవి రెండే. ఒకటి నాన్న పేర వున్న ఎల్.ఐ.సి. పాలసీ, రెండోది ఎప్పుడు వస్తుందో, ఎంత వస్తుందో బ్రహ్మదేవుడికైనా తెలియని పంటల బీమా.

మాది గుంటూరు వైపు మిర్చి వేసే కుటుంబం. 2025లో కాయ ధర ఎంతగా పడిపోయిందంటే, ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలని ప్రకటించవలసి వచ్చింది. ఆ ధరకు అమ్మలేక అందరిలాగే మేమూ సరుకును కోల్డ్ స్టోరేజీకి తోలాం. అరవై నాలుగు టిక్కీలు. మిర్చి బస్తాను మావైపు టిక్కీ అంటారు. లోపల పెట్టిన సరుకుకు వాళ్ళొక బాండు ఇస్తారు. లాటు నంబరు, టిక్కీల లెక్క, రైతు పేరు, ఫోను నంబరు అన్నీ అందులో వుంటాయి. ఆ బాండు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకునే వాళ్ళు కూడా చాలామంది. మా బాండు మాత్రం ఇంట్లోనే వుంది.

జూన్‌లో ధర కాస్త కదిలిందని నాన్న సరుకు తీయటానికి వెళ్ళాడు. కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో గుమాస్తా తల పట్టుకుని కూర్చున్నాడట. కంప్యూటరు తెర మీద ఎర్రటి అక్షరాలతో ఇంగ్లీషులో ఏదో నోటీసు. లెక్కలన్నిటికీ తాళం పడింది, తాళం చెవి కావాలంటే డాలర్లలో ఇంత కట్టండి అని దాని సారాంశం. ఏ లాటు ఏ అంతస్తులో ఏ అరలో వుందో, ఎవరు ఎంత అద్దె బాకీయో, ఏ బాండు మీద ఏ బ్యాంకు అప్పు వుందో అన్నీ ఆ కంప్యూటరులోనే వున్నాయి. బ్యాంకు అప్పు వున్న సరుకును పొరపాటున బయటికి వదిలితే యజమాని మెడకు చుట్టుకుంటుంది. అందుకని ఆయన గేటు మూసేశాడు.

"కాయ నాది, బాండు నా చేతిలో వుంది. నా కాయ నాకివ్వటానికి మధ్యలో ఈ కంప్యూటరు ఎవరండీ?" అన్నాడట నాన్న. గుమాస్తా ఏం చెప్పగలడు?

పదకొండు రోజులు పట్టింది. టిక్కీల మీద సిరాతో రాసిన నంబర్లు చూస్తూ, చలిలో హమాలీలు అర తర్వాత అర వెతికి కొత్త జాబితా రాశారు. ఈలోగా క్వింటాలుకు ఆరువందలు దిగింది. అది మార్కెట్టు సంగతి, పోనీ అనుకున్నాం. అసలు దెబ్బ అయిదోరోజున తగిలింది. నాన్నకు ఫోను వచ్చింది. చక్కటి తెలుగు. "ఫలానా లాటు, అరవై నాలుగు టిక్కీలు మీవే కదండీ. కంప్యూటరు పాడయింది గనుక అద్దె ఈ నంబరుకు పంపిన వాళ్ళ సరుకు ముందు విడుదల చేస్తున్నాం" అన్నారు. లాటు నంబరు సరిపోయింది, లెక్క సరిపోయింది. నాన్న 14,080 రూపాయలు పంపించాడు. మర్నాడు సంగతి తెలిసి 1930కి ఫోను చేశాం. ఫిర్యాదు తీసుకున్నారు, అప్పటికే డబ్బు చేతులు మారిపోయింది. కోల్డ్ స్టోరేజీకి అద్దె మళ్ళీ కట్టాం.

పద్నాలుగు వేలు పెద్ద మొత్తం కాదనవచ్చు. మా ఊళ్ళో కాయ కోతకు వచ్చే ఆడవాళ్ళ కూలి లెక్కన అది నలభై రోజుల పని. పైగా మా లాటు నంబరు ప్రపంచంలో రెండే చోట్ల వుంది: మా ఇంటి బీరువాలోని బాండు మీద, ఆ కంప్యూటరులో. బీరువాకు తాళం పడలేదు.

తాళం అంటే ఏమిటో సైన్సు విద్యార్థిగా రెండు ముక్కలు చెప్పాలి. 61ని 53తో గుణించమంటే ఎవరైనా 3233 అని చెప్పేస్తారు. 3233 ఏ రెండు ప్రధాన సంఖ్యల లబ్ధమో చెప్పమంటే కాస్త కాగితం ఖర్చవుతుంది. ఆ సంఖ్యలో ఆరువందలకు పైగా అంకెలు వుంటే నేటి కంప్యూటర్లన్నీ కలిసి కూర్చున్నా తేల్చలేవు. మన బ్యాంకు లావాదేవీలను కాపాడుతున్నది ఇలాంటి లెక్కలే. మన గుమాస్తా లెక్కలకు దొంగ వేసే తాళం వెనుక వున్నదీ అవే. గణితానికి పక్షపాతం లేదు! కాబట్టి తాళం పడ్డాక బద్దలు కొట్టే మార్గం సాధారణంగా వుండదు. విడిగా దాచిన నకలు వుంటే వుంది, లేకపోతే లేదు.

ఆ యజమాని చెడ్డవాడు కాదు. భవనానికి, యంత్రాలకు, సరుకుకు ఏటేటా బీమా కడతాడు. కోల్డ్ స్టోరేజీలు తగలబడటం మావైపు ఎరగని సంగతి కాదు గదా. చిన్న వ్యాపారాల కోసం 2021 ఏప్రిల్ నుండి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష, భారత్ లఘు ఉద్యమ్ సురక్ష అనే పాలసీలు వచ్చాయి. నిప్పు, తుఫాను, వరద, భూకంపం, అల్లర్లు ఇవన్నీ అందులో వున్నాయి. కంప్యూటరు కాలిపోతే కంప్యూటరు ధర వస్తుంది. కంప్యూటరు నిక్షేపంలా వుండి అందులోని లెక్క పోతే? "దానికి వేరే పాలసీ వుందండీ, మీరు అడగలేదు" అన్నాడట ఏజెంటు. అడగటానికి అలాంటిదొకటి వున్నదని తెలియాలి కదా!

"మనలాంటి చిన్నవాళ్ళ జోలికి ఎవడొస్తాడు?" అన్నది యజమాని మొదటి మాట. ఈ మాట నేను తర్వాత ఎరువుల కొట్టులోనూ, రైసుమిల్లులోనూ విన్నాను. దొంగ మనిషయితే ఇల్లు ఎంచుకుంటాడు. ఇది మనిషి కాదు, వల. 2017 మే నెలలో వాన్నాక్రై అనే తాళం దాదాపు 150 దేశాల్లో తిరిగి, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లలో కొన్నిటిని కూడా పట్టుకుంది. దానికి పోలీసు అని తెలుసునా, పేషెంటు అని తెలుసునా? ఇంగ్లండులో ఆసుపత్రులనూ పట్టింది. 2024 జూలై ఆఖరున, చిన్న బ్యాంకులకు కంప్యూటరు సేవలందించే ఒక కంపెనీకి ఇలాంటిదే తగిలితే, సుమారు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల చెల్లింపులను ముందుజాగ్రత్తగా దేశపు వ్యవస్థనుండి విడదీయవలసి వచ్చింది. అవి ఎవరి బ్యాంకులు? మన నాన్నలు ఖాతాలున్న బ్యాంకులు.

ఇక అసలు విషయానికి వస్తాను. వ్యాపారాలకు అమ్మే సైబర్ పాలసీలో రెండు పక్షాలుంటాయి. మొదటిది వ్యాపారి సొంత నష్టం: లెక్కలు తిరిగి కూర్చే ఖర్చు, ఎక్కడినుండి దొంగ దూరాడో పరిశోధించే నిపుణుడి ఫీజు, గేటు మూసిన రోజుల ఆదాయం (అదీ మొదటి కొన్ని గంటలు మినహాయించి). రెండోది ఇతరుల నష్టం: ఆయన దగ్గర వున్న మన వివరాలు పోయి, మనం నష్టపోయి, ఆయన్ను బాధ్యుణ్ణి చేస్తే కట్టవలసిన పరిహారం, లాయరు ఖర్చు. నేను చూసిన మేరకు ఏజెంట్లు మొదటి పక్షాన్ని గురించే మాట్లాడతారు. కొనేవాడూ దాన్నే అడుగుతాడు. రెండోదాన్ని కాగితం నిండటానికి వేసినట్లు చూస్తారు. నా అభిప్రాయంలో చిన్న వ్యాపారానికి ముందు కావలసింది రెండోదే.

ఎందుకంటే సొంత నష్టాన్ని ఆయన ఏదో విధంగా తట్టుకుంటాడు. నకలు పెట్టుకుంటే చాలావరకు తప్పించుకోవచ్చు కూడా. కాని ఒకసారి బయటికి పోయిన లాటు నంబరును, ఆధార్ నంబరును, పాసుబుక్కు జిరాక్సును ఏ నకలూ వెనక్కి తేలేదు. ఆ నష్టం ఎప్పుడు, ఏ రైతు ఫోనులో మోగుతుందో ఎవరికీ తెలియదు.

చట్టం లేదా అంటారు. వుంది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేశారు, 2025 నవంబరులో నియమాలు ప్రకటించి దశలవారీగా అమలులోకి తెస్తున్నారు. సరైన రక్షణ పాటించకపోతే 250 కోట్ల వరకు జరిమానా అన్నారు. చదివి సంతోషించాను. ఇంకాస్త చదివితే ఆ జరిమానా మొత్తం భారత ప్రభుత్వ సంచిత నిధికి జమ అవుతుందని వుంది. నష్టపోయినవాడికి పరిహారం అని వున్న పాత ఐటీ చట్టంలోని 43ఏ సెక్షనును తీసివేయాలని కూడా ఇదే చట్టం చెబుతోంది. చేనులో పశువు పడితే బందెలదొడ్డి రుసుము సర్కారుకు, మేసిన పైరు రైతుకు అన్నట్లుంది! కాబట్టే వ్యాపారి తనంత తానుగా కట్టుకునే బాధ్యతా బీమా మీద నాకు ఆశ. మా బాండు వెనుక సన్నటి అక్షరాలతో, సరుకుకు అగ్నిప్రమాద బీమా వున్నదని ఒక వాక్యం వుంది. దాని కింద ఇంకొక వాక్యం వుండాలంటాను: మీ వివరాలు మా వద్దనుండి పోయి మీకు నష్టం కలిగితే ఫలానా పాలసీ కింద అడగవచ్చు అని. అడగవచ్చునని తెలియని హక్కు వున్నా ఒకటే, లేకున్నా ఒకటే.

బీమా కంపెనీల మీద నాకేమీ భక్తి లేదు. మిర్చికి వాతావరణ బీమా కట్టినవాళ్ళం; మా చేలో పడ్డ వానకు లెక్క లేదు, వాతావరణ కేంద్రంలో కొలిచిన వానకే లెక్క. నష్టం అనే మాటకు అర్థం రాసేది వాళ్ళే, ఆ అర్థం కిందికి మనం వస్తామో రామో చూసేదీ వాళ్ళే. సైబర్ బీమాలోనూ ఇదే తంతు. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే దాడి జరిగితే, అమెరికాలోని మెర్క్ అనే మందుల కంపెనీకి బీమా సంస్థలు "ఇది యుద్ధచర్య, యుద్ధానికి మా బీమా లేదు" అన్నాయి. కోర్టులలో మెర్క్ గెలిచి, పై కోర్టులో కూడా నెగ్గి, 2024 జనవరిలో రాజీ కుదిరేసరికి ఆరున్నరేళ్ళు గడిచాయి. మెర్క్‌కు లాయర్లున్నారు. మా కోల్డ్ స్టోరేజీకి వున్నది ఒక్క గుమాస్తా.

చిన్న కంపెనీ సంగతి కూడా వుంది. ఇల్లినాయి రాష్ట్రంలో ఎలక్ట్రానిక్ భాగాలు తయారుచేసే ఒక సంస్థ, సంకేతపదంతో పాటు రెండో పరీక్ష కూడా పెట్టి కంప్యూటర్లను కాపాడుకుంటున్నామని దరఖాస్తులో రాసింది. దాడి జరిగాక చూస్తే అన్నిచోట్లా అలా లేదు. ట్రావెలర్స్ అనే బీమా సంస్థ కోర్టుకు వెళ్ళింది, 2022లో ఆ పాలసీ మొదటినుండీ లేనట్లే రద్దయింది. ఇక్కడ మాత్రం నేను బీమా సంస్థను తప్పుపట్టలేను.

కబురు చెప్పే గడువులు ఇంకో తలనొప్పి. పొలం మునిగితే 72 గంటలలో చెప్పాలి. కంప్యూటరు మీద దాడి జరిగితే ఆరు గంటలలో సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 ఏప్రిల్ ఉత్తర్వు. చిన్న పరిశ్రమలకు అది ఆ సెప్టెంబరు 25 నుండి వర్తించింది. మా యజమాని ఆరురోజులు ఎవరికీ చెప్పలేదు, పరువు పోతుందని. ఆ మౌనంలోనే మాకు ఫోను వచ్చింది. పాలసీ వుండివుంటే వెంటనే చెప్పటం షరతు అయ్యేది, లేకపోతే క్లెయిము పోతుంది. ఆ భయంతోనైనా రెండోరోజున రైతులకు "ఎవరు ఫోను చేసినా డబ్బు పంపవద్దు" అని కబురు వచ్చివుండేది. నా దృష్టిలో ఆ కబురు విలువ పరిహారం కంటే ఎక్కువ.

దసరా సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ఆ యజమాని నన్ను పిలిపించాడు. "అబ్బాయ్, నువ్వు ఇంగ్లీషు చదువుతావుగా, ఇదేంటో చూడు" అని దరఖాస్తు ఫారం ఇచ్చాడు. ఎనిమిది పేజీలు. గుంటూరు మిర్చియార్డు వ్యాపారులకు అమ్మదలచిన ఆ కాగితంలో ఒక్క తెలుగు అక్షరం లేదు. బీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో వుండి ఏం లాభమో! నేను, గుమాస్తా కూర్చుని ప్రశ్న తర్వాత ప్రశ్న తెలుగులో చెప్పుకుంటూ నింపాం. నకలు వేరే చోట వుంచుతున్నారా అన్న దగ్గర గుమాస్తా నా వంక చూశాడు.

"వున్నదని రాసెయ్, ప్రీమియం తగ్గుతుందంట" అన్నాడు యజమాని.

ఇల్లినాయి కథ చెప్పాను. కాసేపు ఊరుకుని, "అయితే లేదనే రాయి" అన్నాడు. మర్నాడు గుమాస్తా వెళ్ళి రెండు హార్డ్ డిస్కులు కొనుక్కొచ్చాడు. రోజు విడిచి రోజు ఒకటి ఆయన సంచీలో ఇంటికి వెళుతోంది. ప్రీమియం ఎంతో కంపెనీ వాళ్ళు చెప్పారు, దానిపై నూటికి పద్దెనిమిది జి.ఎస్.టి. అన్నారు. ఇతరుల నష్టానికి పరిమితి పెంచితే ఇంకొంచెం అవుతుందట. యజమాని ఆ గడి దగ్గరే ఆగి వున్నాడు. నాన్న మాత్రం బాండు వెనుక ఆ వాక్యం అచ్చు వేయిస్తేనే ఈసారి సరుకు అక్కడికి తోలతానంటున్నాడు. మా కాయ ఫిబ్రవరిలో కోతకు వస్తుంది.