పుండును ఎండబెట్టకండి

సున్తీ జరిగిన పిల్లాడి చుట్టూ చేరిన పెద్దవాళ్లు చెప్పే మాటలు ఏ ఊళ్లోనైనా దాదాపు ఒకటే. పుండు తడవకూడదు, పొడి చల్లి ఆరబెట్టండి. పప్పు పెట్టకండి, చీము పడుతుంది. నీళ్లు ఎక్కువ తాగించకండి, ఉచ్చ పోసినప్పుడల్లా వాడు ఏడుస్తాడు. అందరూ ప్రేమతోనే చెబుతారు, కానీ చెప్పేదంతా తప్పు. కోత చక్కగా పడిన గాయాన్ని కూడా పాడుచేయడానికి ఈ జాగ్రత్తలు చాలు.

ముందు ఆ పొడి సంగతి. గాలి తగిలి ఎండితేనే గాయం మానుతుందని మనం తరతరాలుగా నమ్ముతున్నాం. 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందిపిల్లల చర్మం మీద ఒకే రకం గాయాలు చేసి, కొన్నింటిని గాలికి వదిలేశాడు, కొన్నింటిని పలచటి పాలిథీన్ పొరతో కప్పి తేమగా ఉంచాడు. కప్పిన గాయాల మీద కొత్త చర్మం రెండింతల వేగంగా పరుచుకుంది. కారణం తేలికైనదే. కొత్త చర్మకణాలు తడిగా ఉన్నచోట పాకుతూ ముందుకు వెళ్తాయి, ఎండి పెచ్చు కడితే దాని కింద దారి తవ్వుకుంటూ పోవాలి. పైగా శిశ్నాగ్రం అప్పటిదాకా ముందోలు కింద తేమగా బతికిన భాగం. దాన్ని ఒక్కరోజులో ఎండబెట్టాలని చూడటం ఏం న్యాయం? చల్లిన పొడి గాయం నుంచి ఊరే రసంతో కలిసి గట్టిపడుతుంది, లుంగీకో చెడ్డీకో అంటుకుంటుంది, బట్ట లాగినప్పుడు కొత్త చర్మాన్ని కూడా పీకేస్తుంది. మళ్లీ రక్తం, మళ్లీ పొడి. దీనికి బదులు శుభ్రమైన గాజుగుడ్డ మీద పెట్రోలియం జెల్లీ రాసి పెడితే బట్ట అంటుకోదు, పిల్లాడూ ఏడవడు.

రెండో మూడో రోజుకు శిశ్నాగ్రం మీద పసుపుపచ్చగా, తెల్లగా ఒక పొర కనిపిస్తుంది. ఇంట్లో భయం మొదలయ్యేది అక్కడే. చీము పట్టిందని దూదితో, డెటాల్ నీళ్లతో రుద్దుతారు. అది చీము కాదు, గాయం మానే క్రమంలో శరీరం తనే వేసుకున్న ఫైబ్రిన్ పొర. వారం పది రోజుల్లో దానంతట అదే పోతుంది. రుద్దిన ప్రతిసారీ కొత్తగా పుడుతున్న చర్మం ఊడివస్తుంది. నిజంగా చీము పడితే గుర్తులు వేరుగా ఉంటాయి. ఎరుపు కిందికి, పొత్తికడుపు వైపు పాకుతుంది. దుర్వాసన వస్తుంది, జ్వరం వస్తుంది, రోజురోజుకీ తగ్గాల్సిన వాపు పెరుగుతుంది. అప్పుడు దూది కాదు, డాక్టర్ కావాలి.

ఇక పప్పు. ఆసుపత్రి వార్డుల్లో కూడా ఈ మాట వినిపిస్తుంది, నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించేది అదే. చీము బ్యాక్టీరియా వల్ల వస్తుంది, కందిపప్పు వల్ల కాదు. తెగిన కండ అతుక్కోవడానికి మాంసకృత్తులు కావాలి. పేదింటి పిల్లాడికి రోజూ అందే మాంసకృత్తి పప్పే. ఆ పప్పు మాన్పించి చారు మెతుకులతో వారం గడిపించడం పథ్యం కాదు, పస్తు.

నీళ్లు తగ్గిస్తే ఉచ్చ చిక్కబడుతుంది, చిక్కబడితే మంట ఇంకా ఎక్కువ. పిల్లాడిని గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చోబెట్టి అందులోనే పోయమనండి, మంట చాలావరకు తగ్గుతుంది. డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వేయండి. మగపిల్లాడు నొప్పి ఓర్చుకోవాలనే మాట ఎవరైనా అంటే అక్కడే ఆపండి. ఆ ఆలోచనను చివరిదాకా తీసుకెళ్తే ఏమవుతుందో దక్షిణాఫ్రికాలోని ఈస్టర్న్ కేప్‌లో చూడవచ్చు. అక్కడి ఖోసా యువకుల సున్తీ దీక్షలో నీళ్లు ఇవ్వకపోవడం, గాయాన్ని బిగించి కట్టడం ఓర్పుకు పరీక్షలుగా సాగాయి. ఒంట్లో నీరు ఇంకిపోయి, కట్టు బిగువుకు రక్తం ఆడక అంగం కుళ్లి వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు, ఎంతోమంది చనిపోయారు. 2001లో ఆ రాష్ట్రం ప్రత్యేక చట్టమే తేవాల్సి వచ్చింది. కత్తి తప్పు కొంత ఉన్నా, కోత తర్వాతి చాకిరీ చేసిన హాని తక్కువేమీ కాదు.

మా తాతలకు హజామ్ కోసి బూడిద పెడితే మానలేదా అంటారు. మానినవాళ్లే తాతలయ్యారు. ధనుర్వాతం వచ్చి పోయిన పిల్లల తరఫున మాట్లాడేవాళ్లు లేరు. బూడిదలో, మట్టిలో, పేడలో ఆ జబ్బు బీజాలు ఉంటాయి. ఆఫ్రికాలో హెచ్ఐవీ నివారణకు పెద్ద ఎత్తున సున్తీలు చేసినప్పుడు కూడా ధనుర్వాతం కేసులు బయటపడ్డాయి, టీకా సంగతి ముందే చూసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పాల్సి వచ్చింది. రక్తాన్ని కూడా తేలిగ్గా తీసుకోకూడదు. మూడు కిలోల పసికందు ఒంట్లో ఉండేది సుమారు పావు లీటరు రక్తం. గాజుగుడ్డతో పది నిమిషాలు మధ్యలో తీసి చూడకుండా నొక్కి పట్టినా ఆగకపోతే ఆటో పిలవండి, పొడి కోసం వెతక్కండి.

ఇప్పుడు లేజర్, స్టేప్లర్ ప్రకటనలు వచ్చి ఇంకో భ్రమ పెంచుతున్నాయి, పుండే ఉండదన్నట్టు. ఏ పరికరంతో కోసినా తెగిన చర్మం అతుక్కోవాల్సిందే. పసివాళ్లకు వారం పది రోజులు, బడి పిల్లలకు రెండు మూడు వారాలు, పెద్దవాళ్లకు పూర్తిగా మానడానికి ఆరు వారాలు పడుతుంది. ముందోలు బిగుసుకుపోయి సున్తీ చేయించుకునే షుగర్ రోగులు మన దగ్గర తక్కువేమీ కాదు, వాళ్లలో గాయం ఇంకా నెమ్మదిగా మానుతుంది. ఆరు వారాలు దాంపత్యానికి దూరంగా ఉండమని డాక్టర్ చెబితే మొహమాటపడి నవ్వేసి ఊరుకునే మాట కాదది. ఉగాండాలోని రకాయిలో హెచ్ఐవీ ఉన్న మగవాళ్ల మీద చేసి, 2009లో ప్రచురించిన అధ్యయనంలో గాయం మానకముందే కలిసిన జంటల్లో భార్యలకు వైరస్ ఎక్కువగా సోకినట్టు కనిపించింది.

ఆపరేషన్ చేసిన ప్రతి ఆసుపత్రీ ఇదంతా తెలుగులో, ఉర్దూలో ఒక కాగితం మీద రాసి, తల్లి చేతికిచ్చి, చదివి వినిపించాలి. ఎనిమిది గంటలు ఉచ్చ రాకపోతే వెంటనే రమ్మని అందులో ఉండాలి. నెలలు గడిచాక ధార సన్నబడినా, పైకి చిమ్మినా, పిల్లాడు ముక్కుతూ పోస్తున్నా మూత్రద్వారం ఇరుకైందేమో చూపించుకొమ్మని కూడా ఉండాలి.