చదువు అప్పు: డిగ్రీని చూడాలా, జీతాన్ని చూడాలా?

అమెరికాలో 2025 జులైలో వచ్చిన చట్టం చదువు అప్పులకు కొత్త పరీక్ష పెట్టింది. ఒక డిగ్రీ కోర్సు పూర్తిచేసినవాళ్ల మధ్యస్థ సంపాదన, ఆ రాష్ట్రంలో హైస్కూలుతో చదువు ఆపేసినవాళ్ల సంపాదన కన్నా మూడేళ్లలో రెండేళ్లు తక్కువగా ఉంటే ఆ కోర్సుకు ఫెడరల్ రుణాలు ఆగిపోతాయి. పిల్లల్ని అప్పుల్లో ముంచి పనికిరాని పట్టాలిచ్చే కాలేజీలకు ఇది తగిన కళ్లెమే. అయితే పసిపిల్లల సంరక్షణ, సంగీతం లాంటి చదువులకు జీతాలు మొదటినుంచీ తక్కువే. ఆ పనులు లేకుండా ఏ ఊరూ నడవదు.

మన దగ్గర జల్లెడ వేరు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం, ర్యాంకులను బట్టి ఎంచిన సంస్థల్లో (మొదట 860) సీటొస్తే తనఖా, ష్యూరిటీ లేకుండా రుణమిస్తుంది. రూ.7.5 లక్షల వరకు 75 శాతం పూచీ కేంద్రానిదే. జాబితాలో లేని కాలేజీలో చేరే పిల్లకు అంతకుమించి కావాలంటే ఇల్లో పొలమో తనఖా పెట్టమంటారు. కౌలురైతు ఎవరి పాస్‌పుస్తకం పట్టుకెళ్లాలి?

దీనికితోడు డిగ్రీని బట్టి కూడా అప్పివ్వాలంటే, నాలుగేళ్ల తర్వాతి ఉద్యోగాలను ఈరోజే లెక్కకట్టాలి. 2001లో డాట్‌కామ్ కంపెనీలు కూలి మన కుర్రాళ్లు అమెరికా నుంచి వెనక్కొచ్చారు. అది చూసి బ్యాంకులు కంప్యూటర్ కోర్సులకు అప్పు ఆపేసి ఉంటే, ఆ తర్వాత హైదరాబాద్‌లో వచ్చిన కొలువులు మన పేదింటి పిల్లలకు దక్కేవా?

ఈ విషయంలో ఆస్ట్రేలియా అనుభవం విలువైనది. 1989 నుంచి అక్కడ సంపాదన ఒక స్థాయి దాటాకే చదువు అప్పు తీర్చడం మొదలవుతుంది. పన్ను శాఖే వసూలు చేస్తుంది. జీతం పడిపోతే వాయిదా ఆగుతుంది. అదే దేశం 2021లో ఉద్యోగాలొచ్చే చదువులవైపు పిల్లల్ని మళ్లించాలని నర్సింగ్, గణితం ఫీజులు తగ్గించి, చరిత్ర లాంటివాటికి రెట్టింపుకు పైగా పెంచింది. పిల్లలు పెద్దగా మళ్లలేదు, అప్పులు మాత్రం పెరిగాయి. ఆ విధానం విఫలమైందని 2024లో ప్రభుత్వ సమీక్షే తేల్చింది.

మన బ్యాంకుల్లో కోర్సు అయ్యాక ఏడాదికి ఈఎంఐ మొదలవుతుంది, ఉద్యోగం వచ్చినా రాకపోయినా. కట్టలేకపోతే సిబిల్ స్కోరు పడిపోతుంది, ష్యూరిటీ పెట్టిన మేనమామ ఇంటికి నోటీసు వెళ్తుంది. మార్చాల్సింది ఇక్కడ. మన సంపాదనలన్నీ పన్ను లెక్కల్లోకి రావు కనుక ఆస్ట్రేలియా పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకోలేం. కానీ పీఎఫ్ ఖాతాలో జీతం కనబడుతుంది. విద్యాలక్ష్మి రుణాలతో మొదలుపెట్టి, జీతం ఒక మొత్తం దాటాకే వాయిదా పడేలా చేయాలి; అప్పటిదాకా వడ్డీ కేంద్రం భరించాలి. కాలేజీలు కూడా ఫ్లెక్సీ మీద ఒక్కరి ప్యాకేజీ వేసి ఊరుకోకుండా, పాసైన బ్యాచ్‌లో ఎంతమందికి ఎంత జీతమొచ్చిందో ఫీజు కట్టించుకోకముందే రాసివ్వాలి.