మారు విమానం మాటేమిటి?

రెండేళ్ళకొకమారు మా అమీర్‌పేట డాబాల మీద సందడి మొదలవుతుంది. బేగంపేట పాత విమానాశ్రయంలో వైమానిక ప్రదర్శన జరిగే రోజులవి. రంగుల పొగ వదులుతూ విన్యాసాలు చేసే విమానాలను చూడటానికి పిల్లలు మెట్లెక్కుతారు. పెద్దలు మర్నాటి పత్రికలో అంకెలు చదివి మురుస్తారు. ఫలానా సంస్థ ఇన్ని విమానాలు కొంటున్నదట, ఫలానా మహానగరానికి విస్తరిస్తున్నదట! విన్యాసాలతో నాకు పేచీ లేదు. నా తగవల్లా ఆ అంకెలతోనే.

కొన్నేళ్ళ క్రితం మేనమామగారి పెద్దకర్మకు ఊరికి వెళ్ళవలసివచ్చింది. ఒక చిన్న విమానసంస్థలో టిక్కెట్టు కొన్నాను. సంస్థ పేరూ, ఊరి పేరూ ఇక్కడ అప్రస్తుతం. శంషాబాదు చేరాక విమానంలో సాంకేతిక లోపమన్నారు. గంట, రెండు గంటలు, మూడు గంటలు గడిచాయి. చివరికి రద్దన్నారు. "వేరే విమానం లేదా అమ్మా?" అని కౌంటరు దగ్గరి అమ్మాయిని అడిగాను. "ఇవాళ్టికి అదొక్కటే సార్" అన్నది. ఆ పిల్ల తప్పేమున్నది? తిరిగి నగరంలోకి వచ్చి, పంజాగుట్ట కూడలిలో సంచీతో నిలబడి, రాత్రి బస్సెక్కాను. దారిలో ఆ బస్సూ ఆగిపోయింది. అయితే గంటన్నరలో మరో బస్సు వచ్చి మమ్మల్ని ఎక్కించుకున్నది. తెల్లవారి కర్మ మొదలయ్యేసరికి ఊళ్ళో ఉన్నాను.

ప్రాంతీయ విమానసంస్థల గురించి నాకు తెలిసిన సత్యమంతా ఆ రాత్రే బోధపడిందనుకుంటాను. మన ఇళ్ళలో మారు తాళంచెవి ఒకటి ఉంటుంది. ఆర్టీసీ డిపోలో మారు బస్సు ఉంటుంది. విమానసంస్థకు మాత్రం మారు విమానం ఉన్నదా అని మనమెవరమూ అడగము. ఎన్ని కొంటున్నారని అడుగుతాము, ఏ మహానగరానికి వెళుతున్నారని అడుగుతాము.

నాలుగు విమానాల సంస్థనే తీసుకోండి. ఒక్కొక్కటి రోజుకు ఐదారు ప్రయాణాలు చేస్తేనే అద్దె గిట్టుబాటవుతుంది. అద్దె డాలర్లలో, రాబడి రూపాయల్లో. అందుచేత నాలుగింటినీ తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా తిప్పుతారు. పొద్దున్నే ఒకటి మొరాయించిందా, ఆనాటి ప్రయాణాల్లో నాలుగో వంతు గల్లంతు. పెద్ద తనిఖీకి ఒకటి హ్యాంగరుకు వెళ్ళిందా, వారాల తరబడి అదే అవస్థ. నూరు విమానాల సంస్థకు ఒకటి ఆగితే నూటికి ఒకటి. చిన్న సంస్థకు విమానాలు తక్కువ కావటం వల్లనే మారు విమానం అవసరం ఎక్కువ. ఇదేమీ గహనమైన ఆర్థికశాస్త్రం కాదు. మా అమీర్‌పేటలో ట్రావెల్సు నడిపే ఏ యజమానికైనా తెలిసిన సంగతే.

మన అనుభవంలోని రెండు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది విజయవాడలో పుట్టిన ఎయిర్ కోస్టా. 2013 అక్టోబరులో ఎంబ్రాయర్ విమానాలతో ఎగిరింది. మనవాళ్ళ సంస్థ అని నేనూ గర్వపడ్డాను. నాలుగు నెలలు గడిచీ గడవకముందే, 2014 ఫిబ్రవరిలో సింగపూర్ ప్రదర్శనలో ఏకంగా 50 కొత్తతరం ఎంబ్రాయర్లకు ఒప్పందం ప్రకటించింది. చేతిలో ఉన్నవి లెక్కించటానికి ఒక చేతి వేళ్ళు చాలు! ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. ఇక్కడ ఒకరు కాదు, ఏభై మంది సోమలింగాలు.

ఇందులో మరో మెలిక ఉన్నది. మన దేశంలో 80 సీట్ల లోపు విమానాలకు దిగుబడి రుసుము మినహాయింపు ఉండేది; 40 టన్నుల లోపు బరువున్నవాటి ఇంధనంపై అమ్మకపు పన్ను 4 శాతమే. ఆ సంస్థ తొలి విమానం ఎంబ్రాయర్ 170, 67 సీట్లది. రెండు రాయితీలకూ అర్హమైనది. తరువాత చేర్చుకున్న ఎంబ్రాయర్ 190లో 112 సీట్లు, బరువు 40 టన్నులకు పైబడి. రెండు రాయితీలకూ దూరం. చిన్న ఊళ్ళను కలపటానికి చిన్న విమానంతో బయల్దేరిన సంస్థ, మహానగరాల నడుమ తిరిగే పెద్ద సంస్థల తూకంలో తనంతట తానే వెళ్ళి కూర్చున్నది. 2017 ఫిబ్రవరి నెలాఖరున ఆగిపోయింది, మళ్ళీ ఎగరలేదు. ఆ ఏభైలో ఒక్కటీ విజయవాడ రన్‌వేను తాకలేదు.

రెండవది మన హైదరాబాదుదే, ట్రూజెట్. 2015 జులైలో ఏటీఆర్ 72 విమానాలతో తిరుపతికి మొదలుపెట్టింది. సుమారు డెబ్బై సీట్ల ఈ పంకాల విమానం చిన్న రన్‌వేలకూ, తక్కువ దూరాలకూ చక్కగా అమరుతుంది. విమానం ఎంపికలో తప్పులేదు. ఉడాన్ పథకం తొలిరోజు, 2017 ఏప్రిల్ 27న, కడపకూ నాందేడ్‌కూ హైదరాబాదు నుంచి ఎగిరింది ఈ సంస్థే. కడపవాసికి అది చిన్న విషయం కాదు. అంతవరకూ బాగానే ఉన్నది. తరువాత చెన్నై నుంచి సేలం, అహమ్మదాబాదు నుంచి జైసల్మేర్, పోర్‌బందర్, కాండ్లా అంటూ పోయింది. విమానాల సంఖ్య ఎన్నడూ పది దాటలేదు. హైదరాబాదుకూ అహమ్మదాబాదుకూ ఆకాశమార్గాన ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే. అక్కడ ఒకటి ఆగితే ఇక్కడిది ఆదుకోలేదు, ఇక్కడ ఆగితే అక్కడిది ఆదుకోలేదు. ఉన్న కొద్దిపాటి బలాన్నీ రెండు చోట్ల చీల్చటమే విస్తరణ అనిపించుకున్నది! కరోనా దెబ్బ అందరికీ తగిలింది కనుక మూతకు ఇదొక్కటే కారణమని నేననను. కాని పలచగా పరచుకున్నవాడికి ఏ దెబ్బయినా లోతుగానే దిగుతుంది. 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ ఆగింది. మరుసటి నెలలోనే బేగంపేటలో ప్రదర్శన ఘనంగా జరిగింది.

ఇది రెండు సంస్థల దురదృష్టం మాత్రమే కాదు. ఉడాన్ మీద 2023లో వచ్చిన కాగ్ నివేదిక చూడండి. మూడు విడతల్లో కేటాయించిన 774 మార్గాల్లో 403 మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ళ రాయితీకాలం పూర్తి చేసుకున్నవి 112. ఆ తరువాత కూడా, 2023 మార్చి నాటికి నిలిచి ఉన్నవి 54. మనం 774 దగ్గర చప్పట్లు కొట్టాము. 54 దగ్గరకు వచ్చేసరికి సభలో ఎవరూ లేరు. ఇల్లు అలకగానే పండగ కాదన్న సామెత మనదే, మరచిపోయిందీ మనమే.

"అదంతా కాదండీ, బేగంపేటను మూసినందువల్లనే ఈ చిన్న సంస్థలు నిలవలేదు" అనే మిత్రులున్నారు. వారి బాధ నాకు తెలుసు. 2008 మార్చి దాకా అమీర్‌పేట నుంచి ఆటోలో వెళ్ళి విమానమెక్కినవాణ్ణి నేను. ముప్ఫై కిలోమీటర్ల దూరాన శంషాబాదుకు వెళ్ళటం గంట ప్రయాణానికి మరో గంట జోడించటమే. అయినా చరిత్ర ఈ వాదాన్ని నిలబెట్టదు. 1981లో పుట్టిన వాయుదూత్ బేగంపేటకు వచ్చినదే. నష్టాల్లో మునిగి 1990లలో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఎయిర్ డెక్కన్ 2003లో బేగంపేట నుంచే విజయవాడకు విమానం వేసింది. దేశమంతా శరవేగంతో విస్తరించి, బేగంపేట మూతపడకముందే, 2007లో మరో సంస్థ చేతికి చిక్కింది. విమానాశ్రయం ఇంటి పక్కనే ఉన్నా, విమానం వస్తుందన్న నమ్మకం లేకపోతే దానివల్ల ఫలమేమిటి? పైగా ఇవాళ బేగంపేట చుట్టూ పెరిగిన జనసాంద్రతను చూస్తూ మళ్ళీ అక్కడ రోజుకు వంద విమానాలు దించమనటానికి నాకు నోరు రాదు.

"మారు విమానం ఉంచితే దాని అద్దె ఎవడు కడతాడు?" అన్నది రెండో ఆక్షేపణ. ఇది న్యాయమైన ప్రశ్నే. నా సమాధానం ఒక్కటే: నాలుగు విమానాలుంటే మూడింటికి సరిపడా ప్రయాణాలే ప్రకటించండి. టిక్కెట్టు ధర కొంత పెరిగితే పెరగనీయండి. వ్యాపారి అయినా, రోగి అయినా, కర్మకు వెళ్ళే మేనల్లుడైనా గంట ఆదా కోసం నాలుగు వందలు ఎక్కువ ఇస్తాడు. ఎగురుతుందో లేదో తెలియని విమానానికి నలభై రూపాయలు కూడా ఎక్కువ ఇవ్వడు. అలా నడిపినా గిట్టని మార్గం నిజానికి గిట్టని మార్గమే. ప్రారంభోత్సవం చేసి ఆపటం కన్నా చేయకపోవటమే మర్యాద.

ఇక పాలకులకు రెండు మాటలు. మార్గాలు పంచేటప్పుడు సంస్థ ఎన్ని విమానాలకు ఆర్డరిచ్చిందని కాక, ఆగిన విమానం స్థానంలో ఎన్ని గంటల్లో మరొకటి పంపగలదని అడగండి. ప్రతి నెలా ప్రతి మార్గంలో ఎన్ని ప్రయాణాలు ప్రకటించారో, ఎన్ని జరిగాయో ఊరి పేరుతో సహా బయటపెట్టండి. శంషాబాదు విమానాశ్రయంలో రాష్ట్ర ప్రభుత్వానికీ, కేంద్ర విమానాశ్రయాల సంస్థకూ చెరి 13 శాతం వాటా ఉన్నది. ఆ వాటా లాభాల పంపకానికేనా? పొద్దున వచ్చి రాత్రికి వెళ్ళేలా చిన్న విమానాలకు సమయాలూ, మారు విమానం నిలుపుకోవటానికి చోటూ ఇప్పించటానికి ఆ వాటాదారులు ఎందుకు నోరెత్తరు? మధ్యాహ్నం ఒంటిగంటకు దిగే విమానం హైదరాబాదులో పనున్న కడపవాసికి ఎందుకు పనికివస్తుంది?

2024 మార్చిలో గోవా కేంద్రంగా మొదలైన ఫ్లై91 కూడా ఏటీఆర్‌లతోనే హైదరాబాదుకు వచ్చింది. వరంగల్లు మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం అనుమతి వచ్చింది. రేపు అక్కడికీ రిబ్బను కత్తిరించే చేతులు చాలా వస్తాయి. అవన్నీ బాగుండాలనే నా కోరిక. ఈ తిట్లన్నీ ఆ కోరికలోంచి వచ్చినవే.

రాత్రి తొమ్మిది దాటాక మైత్రీవనం నుంచి పంజాగుట్ట దాకా ఒకసారి నడచి చూడండి. సంచుల మీద కూర్చుని ఊళ్ళకు బస్సుల కోసం ఎదురుచూసే జనంలో విమానం ఖర్చు పెట్టుకోగలిగినవారూ చాలామందే ఉంటారు. బస్సు సుఖంగా ఉంటుందని కాదు వాళ్ళు అక్కడున్నది, వస్తుందని. ఈసారి ప్రదర్శనలో ఎవరైనా ఏభై విమానాలు కొంటున్నామని ప్రకటిస్తే, చప్పట్లు కొట్టేముందు మీరైనా లేచి అడగండి: మారు విమానం మాటేమిటి?