అచ్చులో నిలుచు పేరు



పరిశోధన చేయు కూతురో కోడలో నేడు పెక్కిండ్లలో కలదు. ఏండ్ల తరబడి శ్రమించి వ్రాసిన వ్యాసమును శాస్త్రపత్రికకు పంపవలసిన దినము వచ్చినప్పుడు ఆమె పడు తొట్రుపాటు మాకు తెలియును. అట్టి శుద్ధప్రతులను చదివి పెట్టుట మాకు వాడుకయే. కావున ఈ మాసము ఆ విషయమునే వ్రాయుచున్నాము.

మొదట చేయవలసినది పత్రికవారు వ్యాసకర్తలకిచ్చు సూచనలను చదువుట. వ్యాసమెంత నిడివి యుండవలెనో, ఆధారగ్రంథములనే పద్ధతిని చూపవలెనో అందే యుండును. వానిని పాటింపని వ్యాసమును సంపాదకుడు పరీక్షకులకు చూపకయే త్రిప్పి పంపవచ్చును. పెక్కు పత్రికలు పరీక్షకునకు రచయిత పేరు తెలియనీయవు. అట్టిచో పేరుగల పుటను వేరుగా పంపి, వ్యాసములో ‘లోగడ నేను చూపినట్లు’ వంటి మాటలను సైతము మార్చవలెను. సంగ్రహమును చిట్టచివర వ్రాయుట మేలు. మన శాస్త్రకారులు గ్రంథాదిని విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి అను నాలుగింటిని చెప్పెడివారు. సంగ్రహమును చూచినప్పుడెల్ల మాకవే జ్ఞప్తికి వచ్చును. అయితే నేటి సంగ్రహమున తేలిన ఫలితమును గూడ దాచక చెప్పవలెను.

అన్నిటికంటె ఆలోచింపవలసినది పేరు. దానినే మన పిల్లలు తుదిని తొందరలో వ్రాసి పంపుదురు. మన యింటిపేరు ముందు, పొడి అక్షరముగా నుండును. విదేశపు పత్రికలు తరచు చివరి మాటనే యింటిపేరుగా గైకొనును. అందుచే లక్ష్మి, దేవి యను మాటలు వంశనామములై పట్టికలకెక్కును. పెండ్లితో ఇంటిపేరు మారినచో ఒక్కతె వ్రాసిన వ్యాసములే యిద్దరివిగా కనబడును. ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టు దినమున సగము పని ఎవరిదో యైపోవును.

ఈ చిక్కు మనకే కలిగినది కాదు. మేరీ క్యూరీ 1898లో పారిసునందలి శాస్త్రపరిషత్తు పత్రికలో ప్రకటించిన వ్యాసములు చూడుడు. ఏప్రిలులో ఆమె శ్రీమతి స్క్లొదోవ్‌స్కా క్యూరీ. జులైలో శ్రీమతి ఎస్. క్యూరీ. డిసెంబరులో, భర్తపేరి మొదటి యక్షరముతో, శ్రీమతి పి. క్యూరీ. ఒక్క యేట మూడు పేళ్ళు! రేడియమును లోకమునకు తెలిపిన ఆ కడపటి వ్యాసమున పుట్టినింటి పేరిట ఒక్క యక్షరమైనను లేదు. ఆమె కీర్తి పెద్దది గనుక మూడును ఒకరివే యని లోకమెరిగినది. మన పిల్లల మాట యేమి?

కావున తొలి వ్యాసమునకు ముందే ఒక పేరును నిశ్చయించుకొని, పెండ్లికి పిదపను దానినే నిలుపుకొనవలెను. అత్తవారు చిన్నబుచ్చుకొందురని కొందరందురు. ఇంట పిలుచు పేరు వేరు, అచ్చులో నిలుచు పేరు వేరు అని మెల్లగా చెప్పిన వినని యత్తగారిని మేమింతవరకు చూడలేదు. 2012లో ఆరంభమైన ఆర్కిడ్ అను సంస్థ పరిశోధకులకు పదునారంకెల గుర్తింపుసంఖ్యను ఉచితముగా నిచ్చుచున్నది. పేరు మారినను ఆ సంఖ్య మారదు.

లెక్కలు కట్టి, పట్టికలు గీసి, సగము వ్రాసిన స్త్రీని ‘కృతజ్ఞతలు’ అను పంక్తిలో కూర్చుండబెట్టి, ఏమియు చేయని పెద్దల పేళ్ళను పైకెక్కించు ఆచారమొకటి కలదు. ఇది మాకు సహింపరానిది. పనిలోను వ్రాతలోను పాలుగొని, తుదిప్రతిని అంగీకరించి, దానికి జవాబుదారీ వహించువారే రచయితలని వైద్యపత్రికల సంపాదకుల నియమము. చిత్తుప్రతి నాడే పేళ్ళ వరుసను అడిగి తేల్చుకొనుడు. శుద్ధప్రతి నాడు అడుగుటకు నోరు రాదు.

ఒకే వ్యాసమును ఏకకాలమున రెండు పత్రికలకు పంపరాదు. సొమ్ము పంపిన వారములో అచ్చువేయుదుమని జాబు వ్రాయువారిని నమ్మరాదు. పరీక్షకుల జవాబునకు నెలలు పట్టును. వారి ప్రశ్నలకు ప్రత్యుత్తరము వ్రాయు విధమును వచ్చు మాసము తెలిపెదము.