డివైడర్ మీది గన్నేరులో గుండె మందా?

హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో క్యాబ్ ఆగినప్పుడు డివైడర్ మీద గన్నేరు పూలు చూసే ఉంటారు. అందంగానే ఉంటాయి, కానీ మొక్క మొత్తం విషమే. ఆ విషానికి దగ్గరి చుట్టమే డిగాక్సిన్ అనే గుండె మాత్ర. అది ఫాక్స్‌గ్లోవ్ జాతి మొక్క నుంచి వస్తుంది. ఆ మొక్క వైద్యం మీద విలియం విథరింగ్ అనే ఇంగ్లిష్ డాక్టర్ 1785లోనే పుస్తకం రాశాడు.

గుండె కణంలోంచి సోడియాన్ని బయటికి తోడే పంపును ఇవి కొంత అడ్డుకుంటాయి. దాంతో లోపల కాల్షియం పెరిగి గుండె బలంగా ముడుచుకుంటుంది. అతి తక్కువ డోసులో ఇవే గుండెలో ఇన్‌ఫ్లమేషన్‌ని, ఆక్సిడేటివ్ స్ట్రెస్‌ని తగ్గించొచ్చని ల్యాబ్ ప్రయోగాలు కొన్ని చెబుతున్నాయి. వినడానికి బాగుంది కదా! మనుషుల దగ్గరికొస్తే లెక్క వేరు. 1997లో వెలువడిన 6,800 మంది ట్రయల్‌లో డిగాక్సిన్ ఆస్పత్రి పాలవడాన్ని తగ్గించింది, మరణాలను మాత్రం తగ్గించలేదు.

కాబట్టి గన్నేరు కషాయంతో హార్ట్ స్ట్రాంగ్ అని రీల్ వస్తే దాటేయండి. ఊళ్లో నాన్నగారు డిగాక్సిన్ వాడుతుంటే మాత్రం కిడ్నీ టెస్ట్ ఎప్పుడు చేయించారో ఈ రోజే అడగండి. కిడ్నీలు వీకైతే మందు ఒంట్లోనే పేరుకుపోతుంది. వాంతులు, చూపు పసుపుగా మారడం, గుండె దడ కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లమని అమ్మకి కూడా చెప్పండి.