కీలు అరిగితే తలుపు మార్చమంటారా?

కారు తలుపు కిందికి వాలి, మూసేటప్పుడు చేత్తో ఎత్తి నెట్టాల్సి వస్తోందంటే తలుపు పాడైపోయిందని చాలామంది అనుకుంటారు. అరిగేది తలుపు కాదు. కీలులో పిన్ను చుట్టూ ఉండే చిన్న బుష్షు అరుగుతుంది. అంగుళం కూడా ఉండని ఆ లోహపు గొట్టాన్ని విడిగా అమ్మకుండా, కీలు మొత్తం కొనండి, కుదిరితే తలుపే మార్చుకోండి అనే వ్యాపారం ఈ దేశంలో మామూలైపోయింది. ఆ పద్ధతి మారాలి. అది మారేలోపు ఇంటి దగ్గర చేసుకోగలిగిన పనిని మనమే చేసుకోవడం నేర్చుకోవాలి.

మాది దువ్వూరు. వరి, పసుపు పండించే ఇల్లు. మాలాంటి వాళ్లకు కారు ఉండేది షోకు కోసం కాదు. పొద్దున మడికాడికి, జబ్బు చేస్తే ప్రొద్దుటూరు ఆసుపత్రికి, పసుపు అమ్మే రోజుల్లో కడప మార్కెట్ యార్డుకు అదే ఆధారం. ఎవరు ఎక్కినా ఎక్కకపోయినా డ్రైవరు పక్క తలుపు తెరుచుకోక తప్పదు. అందుకే దాని కీలు ముందు అరుగుతుంది. పొలం దారుల దుమ్ము పిన్నులోకి చేరి, గ్రీజుతో కలిసి ఆకురాయిలాగా బుష్షును తినేస్తుంది. మా పాత కారుకూ ఇదే జరిగింది. ఒక సర్వీసు సెంటర్లో చూపిస్తే, బుష్షు విడిగా రాదని, కీళ్లు రెండూ తెప్పించాలని, ఎప్పుడొస్తాయో చెప్పలేమని అన్నారు. వేలల్లో ఖర్చు చెప్పారు.

తలుపును ఇంటి దగ్గరే ఆపు పెట్టి నిలబెట్టి, పై కీలు పిన్నూ అరిగిన బుష్షూ జేబులో వేసుకుని బైకు మీద ప్రొద్దుటూరు పోయినాను. ట్రాక్టరు పిన్నులు, బోరు మోటార్ల బుష్షులు చేసే ఒక లేత్ షాపులో చూపించాను. ఆ పెద్దాయన పిన్నును వెలుతురుకు పట్టి తిప్పి చూసినాడు. "కీలు బాగానే ఉండాది సామీ, బుష్షొకటే పోయింది. గన్‌మెటల్‌తో చేసిస్తా, ఇంటికాడ నువ్వే ఎక్కించుకో" అన్నాడు. వెర్నియర్‌తో కొలిచి, అక్కడే కూర్చోబెట్టి చేసిచ్చినాడు. ఖర్చు వందల్లో తేలింది.

ఆ పని ఎట్లా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే తెలియని పనికే భయపడతాం. బండిని చదునైన చోట, నీడలో పెట్టాలి. తలుపు సగం తెరిచి కింది అంచు పట్టుకుని పైకి ఎత్తితే కీలు దగ్గర కటకటమని కదిలిందంటే బుష్షు పోయినట్టే. తలుపు కింద జాకీ పెట్టి, మధ్యలో మందపాటి గోనెపట్ట మడిచి వేస్తే రంగు చెడదు. పవర్ విండో ఉన్న తలుపుల్లోకి రబ్బరు గొట్టం గుండా వైర్లు పోతాయి. తలుపు జారితే అవి తెగుతాయి కాబట్టి పక్కన ఒక మనిషి పట్టుకుని ఉండాలి. రెండు కీళ్లూ ఒకేసారి విప్పకూడదు. ఒకటి ముగించాకే రెండోది. పిన్ను చుట్టూ ముందురోజు రాత్రే నూనె వేసి నాననిస్తే సుత్తితో తట్టినప్పుడు మర్యాదగా దిగుతుంది. కొత్త బుష్షును సుత్తితో కొట్టరాదు. పొడుగాటి బోల్టుకు రెండు పక్కలా వాషర్లు వేసి నట్టు బిగిస్తూ పోతే అదే నిదానంగా లోపలికి పోయి కూర్చుంటుంది. గ్రీజు పెట్టి పిన్ను దించితే, తలుపు మళ్లీ ఒక వేలితో మూతపడుతుంది. ఆ మెత్తని చప్పుడు విన్నప్పుడు కలిగే తృప్తి బిల్లు కట్టినప్పుడు కలగదు.

అన్ని కార్లకూ ఇది కుదరదు. కొన్నిటికి పిన్నును రివెట్ కొట్టి బిగించేస్తారు, కొన్నిటి కీళ్లను బాడీకి వెల్డింగ్ చేసి ఉంటారు. తలుపులో ఎయిర్‌బ్యాగు సెన్సార్లున్న బండ్లను తెలిసినవాళ్ల చేతికే ఇవ్వాలి.

నాకు కోపం తెప్పించే పని ఒకటుంది. తలుపు వాలిందని తీసుకుపోతే కొందరు కీలు జోలికే పోరు. స్తంభానికి ఉండే కొక్కెం, అదే స్ట్రైకరు, దాన్ని కాస్త కిందికి జరిపి తలుపు పడేట్టు చేసి పంపిస్తారు. అరుగుదల అట్లాగే ఉంటుంది, పెరుగుతుంది కూడా. తలుపు తాళం రెండు మెట్లలో పడుతుంది. కిందికి వాలిన తలుపు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయినా మూసుకున్నట్టే కనబడుతుంది. దువ్వూరు మీదుగా కడప, కర్నూలు మధ్య సాగే 40వ నంబరు జాతీయ రహదారి మీద లారీల పక్కన పిల్లల్ని కూర్చోబెట్టుకుని పోయేవాళ్లకు ఇది ప్రాణాల విషయం.

మా నాయన కాలంలో ఎద్దులబండి ఇరుసుకు కడశీల ఉండేది. చక్రం జారిపోకుండా కాసేది ఆ ఒక్క శీలే. అది అరిగితే ఊళ్లో కొలిమి దగ్గర ఇంకొకటి చేయించుకుని వేసుకునేవాళ్లు. ఆముదంలో గడ్డి మసి కలిపిన కందెన గొట్టం బండికే వేలాడేది. బండి ఎవరిదో వాడికి దాని ప్రతి కీలూ తెలుసు. కొత్త బండ్లు కష్టమైనవే, కాదనను. కానీ తలుపు కీలు ఇప్పటికీ అంతే సులువైన వస్తువు. కష్టం దాన్ని విడిభాగంగా దొరకనివ్వకపోవడంలో ఉంది.

ఈ గోడు దేశంలో ఇదివరకే విన్నవాళ్లు ఉన్నారు. శంషేర్ కటారియా అనే వినియోగదారుడు 2011లో చేసిన ఫిర్యాదుతో మొదలైన కేసులో, 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు బయటి మార్కెట్లో దొరికేలా చూడాలని, బయటి మెకానిక్ దగ్గర బాగుచేయించుకున్నంత మాత్రాన వారంటీ పోతుందనడం కుదరదని ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. అమెరికాలోని మసాచుసెట్స్ ఓటర్లు అంతకు రెండేళ్ల ముందే, 2012 నవంబరులో, కార్ల మరమ్మతు సమాచారం బయటి మెకానిక్కులకూ ఇవ్వాలని ఓటు వేశారు. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది, ఆ డిసెంబరులో పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలతో పాటు వాహనాలనూ అందులో చేర్చారు. పోర్టల్ మంచిదే, కానీ కంపెనీలను అందులో చేరమని పిలవడం వేరు, చట్టంతో కట్టిపడేయడం వేరు. అరిగే ప్రతి భాగానికీ విడి నంబరు, విడి ధర ఉండాలని చట్టం రాయాలి. కీలు లోపలి బుష్షు, పిన్ను, అద్దం దింపే రెగ్యులేటరులోని ప్లాస్టిక్ క్లిప్పు, తలుపు రబ్బరు బీడింగు అన్నీ అందులోకి రావాలి. బండి అమ్మకం ఆగాక కూడా ఇన్నేళ్లు అవి దొరకాలని గడువు పెట్టాలి.

విదేశీ కార్లు కొనేవాళ్లకు మాత్రమే ఇది అవసరమని ఎవరైనా అనుకుంటే మా మండలానికి రండి. పాత కారే ఇక్కడ ఎక్కువమందికి మొదటి కారు. పది, పదిహేనేళ్ల బండిని కొని ఇంకో పదేళ్లు నడపాలనుకునే రైతుకు, చిన్న ఉద్యోగికి బుష్షు దొరకడమే ముఖ్యం. మంచి తలుపును పాత సామాన్ల దుకాణానికి చేర్చి, దాని బదులు కొత్త రేకును అచ్చులో నొక్కి రంగేసి లారీలో తెప్పించడం దేశానికి కూడా దండగే.

ఈసారి ఎవరైనా "అది విడిగా రాదు" అంటే, అదే మాట విడిభాగం పేరుతో సహా కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. రాసిస్తే ఆ కాగితం, రాయకపోతే వాళ్లన్న మాట, రెండింటిలో ఏదైనా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నమోదు చేయించండి.