సకలమా, శకలమా?

మొన్న క్లాసులో ఒక కుర్రవాడు పద్యం చదువుతుంటే, “సకలం అనవోయ్, శకలం కాదు, అంతా అనవలసినచోట ముక్క అంటావేం?” అని కసిరాను. వాడన్నది సకలమేనట!

డాక్టరు నా చెవి పరీక్షించి బోధపరిచాడు. లోపలిచెవిలో నత్తగుల్లలా చుట్టుకొన్న గొట్టం, అందులో సుమారు 35 మిల్లీమీటర్ల పొర. గుమ్మం దగ్గర బిగువు, పోనుపోను వదులు. శబ్దతరంగం దానివెంట సాగుతూ, తన స్థాయికి తగినచోట నడక మందగించి, పెద్దదై, అక్కడే అణగిపోతుంది: కీచుధ్వని గుమ్మంలోనే, బొంగురుది కొసను. శవాల చెవులలో దీన్ని కళ్ళారా చూచిన బెకెషీకి 1961లో నోబెల్ బహుమానం ఇచ్చారు.

సకారం శకారంకన్నా కీచు. వయసుతో ముందు పాడయ్యేది గుమ్మమే. అక్కడి కణాలు మళ్ళీ మొలవవు.

కుర్రవాణ్ణి పిలిచి, తప్పు నాదేనన్నాను. “పరవాలేదు” అన్నాడు, మాస్టారూ అనో, మాష్టారూ అనో!